ఉచిత వజ్రముల వల

పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణముల నడుమ ఒక అపరిచితుడు నిలబడి, “రండి బాబూ రండి! పదివేల వజ్రములు ఉచితముగా ఇస్తాను. మీ ఇంటి తాళపుచెవి ఒక్కసారి నా చేతికిస్తే చాలును” అని కేకవేసినచో, హైదరాబాదు నగరములో అతని మాట నమ్మువాడు ఒక్కడైనను ఉండడు. పసివాడు సైతము నవ్వి ముందుకు సాగిపోతాడు. అదే మాట అరచేతిలోని ఫోను తెరపై, రంగురంగుల అక్షరములలో, తాము ఆడే ఆటలోని సుపరిచితమైన బొమ్మల నడుమ కనిపించినప్పుడు మాత్రము, ఇంటర్మీడియేటు, డిగ్రీ తరగతులు చదువుతున్నవారు కూడ ఒక్క క్షణము ఆగి చూస్తున్నారు. ఆగినవారిలో కొందరు తాళపుచెవిని ఇచ్చివేస్తున్నారు. బజారులో మనలను కాపాడే లోకజ్ఞానము తెర ముందు ఎందుకు పనిచేయడము లేదు? ఈ ప్రశ్నను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పెద్దల ముందు ఉంచి, నాకు తోచిన సమాధానమును విన్నవించుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నేడు యువజనులు ఆడే ఆటలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నాణెము కలదు. ఫ్రీ ఫైర్ మాక్స్‌లో డైమండ్లు, బీజీఎంఐలో యూసీ, రోబ్లాక్స్‌లో రోబక్స్, ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్. రూపాయలు చెల్లించి ఈ నాణెములను కొనవలెను. వీటితో పాత్రకు కొత్త దుస్తులు, తుపాకికి కొత్త రంగులు, నాట్యభంగిమలు సంపాదించవచ్చును. ఆట గెలుచుటకు ఇవి చాలవరకు అవసరము లేదు. తోటివారి నడుమ గౌరవమునకే అవసరము. పెండ్లిలో కొత్త షేర్వానీ తొడిగినవానివైపు పదిమంది చూచినట్లే, ఆటలో కొత్త వేషము వేసినవానివైపు నలుగురు చూస్తారు. ఆ చూపు కోసము ఆశపడుట యౌవన సహజము. దానిని మూర్ఖత్వమని త్రోసివేసి హితవు చెప్పబోయినచో వినేవారు ఉండరు. కనుక ముందుగా ఆ కోరికను కోరికగా గుర్తించి, ఆ తరువాత ఈ నాణెము ఎక్కడ ఉన్నదో విచారింతము.

ఆ నాణెము మన ఫోనులో లేదు. తెరపై కనిపించే అంకె కేవలము నీడ. అసలు లెక్క ఆ సంస్థవారి సర్వరులో, అనగా వారి స్వంత ఖాతా పుస్తకములో వ్రాయబడి ఉన్నది. బ్యాంకు పాస్‌బుక్కులో మనమే కలము తీసుకొని ఒక సున్న చేర్చినంత మాత్రమున బ్యాంకులోని మన నిల్వ పదింతలు కాదు గదా! గుమాస్తా తన పుస్తకము చూచి నవ్వుతాడు. “డైమండ్ జనరేటరు” అని, “రోబక్స్ జనరేటరు” అని పేరు పెట్టుకొన్న వెబ్‌సైట్లు చేయగలమని చెప్పుకొనే పని సరిగ్గా ఇటువంటిదే. రోబ్లాక్స్ సంస్థ తన సహాయ పుటలలో, రోబక్స్‌ను ఉచితముగా పుట్టించే యంత్రమంటూ ఏదియు లేదని స్పష్టముగా ప్రకటించియున్నది. ఈ ఒక్క విషయము మనసున నాటుకొన్నచో సగము వల తెగిపోతుంది. ఇవ్వవలసిన వస్తువు అతని చేతిలో లేదు. కనుక ఆ బేరములో చేతులు మారగలిగినది మన సొమ్ము ఒక్కటే.

ఆ వెబ్‌సైట్ల నడక గమనించినవారికి ఒక క్రమము కనిపిస్తుంది. మొదట ఆటలోని మన పేరు మాత్రము అడుగుతారు. పేరు ఇచ్చుటలో ప్రమాదమేమున్నదని మనము ఇస్తాము. తరువాత ఎన్ని వజ్రములు కావలెనో ఎన్నుకోమంటారు. ఒక గీత నెమ్మదిగా నిండుతూ పోతుంది. ప్రక్కన ఎవరెవరికో వేలకొలది నాణెములు అందినట్లు పేర్లు ప్రవాహమువలె సాగిపోతుంటాయి. ఆ గీత వెనుక ఏ పనియు జరుగదు. ఆ పేర్లు ముందే వ్రాసి ఉంచినవి. చివరి క్షణములో “నీవు మనిషివే అని నిరూపించుకొనుము” అని ఒక తలుపు అడ్డము వస్తుంది. ఆ తలుపు తెరువవలెనన్నచో ప్రశ్నావళి నింపవలెను, లేదా రెండు యాప్‌లు దింపుకొనవలెను, లేదా పదిమంది మిత్రులకు ఆ లింకు పంపవలెను. ప్రకటనల వ్యాపారములో, ఒక ఫారము నింపించినందుకు, ఒక యాప్ దింపించినందుకు మధ్యవర్తికి రుసుము ముట్టే పద్ధతి కలదు. మనము శ్రమపడి నింపిన ప్రతి ఫారమునకు అతనికి కూలి దొరుకుతుంది. మన పేరు, ఫోను నంబరు ఎవరెవరి జాబితాలలోనికో చేరిపోతాయి. వజ్రములు మాత్రము రావు. మరొక తలుపు వస్తుంది.

ఇది మెతక మోసము. దీనికంటె కఠినమైనవి మూడు కలవు. మొదటిది, ఫేస్‌బుక్ లేదా గూగుల్ ప్రవేశ పుటను అచ్చుగ్రుద్దినట్లు పోలిన నకిలీ పుట. ఆటలోనికి ప్రవేశించుటకు చాలమంది ఆ ఖాతాలనే వాడుదురు గనుక అనుమానము రాదు. పాస్‌వర్డు కొట్టిన మరుక్షణము అది పరహస్తగతమవుతుంది. రెండవది, అధికారిక యాప్ దుకాణము వెలుపలినుండి దింపుకొమ్మని ఇచ్చే ఏపీకే ఫైలు. అది ఫోనులో చేరి, సందేశములు చదువుటకు అనుమతి అడుగుతుంది. అనుమతి ఇచ్చినచో బ్యాంకు పంపే ఓటీపీలు మనకంటె ముందే దొంగకు చేరవచ్చును. మూడవది, “సగము ధరకు యూసీ” అని గానీ, “నీ ఆట ఖాతాను మంచి ధరకు కొంటాను” అని గానీ పలుకరించే అపరిచిత మిత్రుడు. సొమ్ము పంపుతున్నానని చెప్పి, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టుమంటాడు. యూపీఐలో సొమ్ము అందుకొనుటకు పిన్ ఎన్నడును అవసరము లేదు. పిన్ అడిగినారన్నచో మన ఖాతానుండి సొమ్ము బయటికి పోబోతున్నదని అర్థము. ఇది కంఠస్థము చేయవలసిన సూత్రము.

అయితే విద్యార్థులు ఒక న్యాయమైన ప్రశ్న వేయగలరు: “ఆట సంస్థలు తామే అప్పుడప్పుడు ఉచిత బహుమతులు ఇస్తున్నవి గదా?” నిజమే, ఇస్తున్నవి. ఫ్రీ ఫైర్‌వారు పన్నెండు అక్షరముల, అంకెల కోడ్‌లను విడుదల చేయుట కలదు. నకిలీ నాణెము చెలామణి అయ్యేది అసలు నాణెము ఉన్నచోటనే. కనుక “ఉచితమైనదంతయు మోసమే” అనే సులభ సూత్రము చాలదు. రెంటినీ వేరుచేసే గీటురాయి కావలెను. అసలు బహుమతి ఆటలోపల గానీ, సంస్థవారి స్వంత చిరునామాలో గానీ దొరుకుతుంది. పాస్‌వర్డును ఉత్తరములోనో సంభాషణలోనో వ్రాసి పంపుమనదు. ఓటీపీని చెప్పమనదు. బయటి ఫైలును దింపుకొమ్మనదు. పదిమందికి పంపుమని షరతు పెట్టదు. ముఖ్యముగా, “ఇంకా మూడు నిమిషములే మిగిలినవి” అని గడియారము చూపి తరుమగానే అనుమానింపవలెను. ఆలోచించుటకు వ్యవధి ఇచ్చినచో తన ఆట సాగదని మోసగానికి బాగుగా తెలియును.

ఇక వెబ్ చిరునామాను చదువుట ఒక విద్య. మన కళాశాల విద్యార్థులకు ఇది ఇతరులకంటె సులభము. తెలుగును ఎడమనుండి కుడికి, ఉర్దూను కుడినుండి ఎడమకు చదువుట మనకు నిత్యకృత్యము. వెబ్ చిరునామా ఎడమనుండి వ్రాయబడినను, దానిని ఉర్దూవలె కుడినుండి చదివినప్పుడే నిజము తెలుస్తుంది. మొదట ఉండే జంట గీతలను వదలి, ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత వద్ద ఆగవలెను. ఆ గీతకు ఎడమప్రక్క చివరన ‘డాట్ కామ్’, ‘డాట్ ఇన్’, ‘డాట్ కో డాట్ ఇన్’ వంటి తోక ఉంటుంది. ఆ తోకను ఆనుకొని ముందున్న మాటయే ఇంటి యజమాని పేరు. దానికి ఇంకను ఎడమవైపున ఎంత గొప్ప పేరు ఉన్నను అది ఇంటి ముందు వ్రేలాడదీసిన బోర్డు మాత్రమే. ‘రోబ్లాక్స్ డాట్ ఉచితబహుమతి డాట్ కామ్’ అని ఉన్నదనుకొందము: ఆ ఇల్లు ఉచితబహుమతి అనేవానిది, రోబ్లాక్స్‌ది కాదు. చిరునామా ప్రక్కన తాళము గుర్తు ఉన్నదని కూడ ధైర్యపడరాదు. మనకును ఆ వెబ్‌సైటునకును నడుమ మాటలు మూడవవాడు వినలేడని మాత్రమే ఆ తాళము చెబుతుంది. ఎదుటివాడు సత్యవంతుడో కాడో అది చెప్పదు. దొంగ ఇంటి తలుపునకు కూడ తాళము ఉండును.

ఇంతవరకు చెప్పినది ఉపాయముల మాట. ఇక మనము పోగొట్టుకొనేది ఏమిటో ఆలోచింతము. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో ఒక్కటే మంచి ఫోను ఉంటుంది. తండ్రి బ్యాంకు ఖాతా, తల్లి గ్యాసు రాయితీ, అక్క ఉద్యోగ దరఖాస్తు, విద్యార్థివేతనము జమయైన సందేశము అన్నియు ఆ ఒక్క ఫోనులోనే. ఆటోరిక్షా నడిపియో, కుట్టుపని చేసియో, చిన్న దుకాణము పెట్టుకొనియో నెలనెలా కూడబెట్టినది ఆ ఖాతాలో ఉన్నది. ఉర్దూలో ‘అమానత్’ అని ఒక చక్కని మాట కలదు. ఇతరులు మనలను నమ్మి మన చేతికి అప్పగించిన సొమ్ము అని దాని భావము. ఇంటి ఫోను విద్యార్థి చేతిలో ఉన్నప్పుడు అది అమానత్. ఆట ఖాతా పోయినచో ఆటగానికి మాత్రమే దుఃఖము. అమానత్ పోయినచో పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది, ఇంటి అద్దె ఆగిపోతుంది.

ఈ సందర్భమున పెద్దలు కొందరు, “ఆటలన్నియు నిషేధించుడు, ఫోనులు లాగుకొనుడు” అని పలుకుట సహజము. వారి ఆవేదనను గౌరవిస్తూనే వారితో విభేదించుచున్నాను. నిషేధముల అనుభవము మనకు లేకపోలేదు. పబ్‌జీ మొబైల్‌ను భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినది; దాని స్థానమున 2021 జులైలో బీజీఎంఐ వచ్చినది; 2022 జులైలో అదియు యాప్ దుకాణములనుండి తొలగింపబడి, 2023 మేలో తిరిగి వచ్చినది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషేధింపబడినది. ఫ్రీ ఫైర్ మాక్స్ మిగిలినది. ప్రభుత్వ నిర్ణయముల యుక్తాయుక్తములు ఇచ్చట నా విషయము కాదు. ఆట అధికారిక దుకాణములో లేని రోజులలో దానిని కొత్తగా పొందగోరినవానికి బయటి ఫైలు తప్ప వేరు దారి లేదు. ఆ దారియే మోసగాండ్ర రాజమార్గము. డబ్బు పణముగా పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టముచేత నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి అటువంటి చట్టమునే ఆమోదించినది. ఇవి మంచి చట్టములే. కాని నకిలీ వజ్రముల దుకాణదారుడు అసలే చట్టము వెలుపల నిలిచినవాడు. ఇతరుల పాస్‌వర్డు దొంగిలించుట, వేషము మార్చి కంప్యూటరు ద్వారా మోసగించుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 66సి, 66డి సెక్షన్ల క్రింద మూడు సంవత్సరముల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపదగిన నేరములు. అయినను నేరము జరుగుతూనే ఉన్నది.

అట్లని దోషమంతయు విద్యార్థి ఆశపైననే మోపుటయు న్యాయము కాదు. నేడు ప్రవేశించినందుకు ఒక బహుమతి, రేపు ప్రవేశించినచో మరొకటి, గంటలో ముగిసిపోయే అమ్మకము — ఈ తొందరను, ఈ ఉచితపు రుచిని మొదట అలవాటు చేసినవారు ఆట సంస్థలవారే. ఫోర్ట్‌నైట్ యజమాని ఎపిక్ గేమ్స్ సంస్థ, పిల్లల వివరములను తల్లిదండ్రుల అనుమతి లేక సేకరించినదని, ఆటగాండ్రను మభ్యపెట్టి అక్కరలేని కొనుగోళ్ళు చేయించినదని ఆరోపణలు రాగా, 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. అందులో 24 కోట్ల 50 లక్షల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగి ఇచ్చుటకై ఉద్దేశింపబడినవి. అంతటి సంస్థలు వేసిన బాటలోనే చిల్లర మోసగాండ్రు నడుస్తున్నప్పుడు, పదిహేడేండ్ల బాలునొక్కనినే దోషిగా నిలబెట్టుట సబబు కాదు.

నా అభిప్రాయములో ఈ వ్యవహారమునందు దొంగకు అన్నిటికంటె గొప్ప సహాయము చేస్తున్నది మన మౌనము. దొంగకు తేలు కుట్టినట్లు అని సామెత. ఇచ్చట తేలు కుట్టినది సొమ్ము పోగొట్టుకొన్నవానికి. అరవలేక పండ్లు బిగబట్టి ఊరకున్నవాడును వాడే! ఇంట్లో చెప్పినచో దెబ్బలు, ఫోను పోవుట, చదువు మానిపించుదురేమోనన్న భయము. విద్యార్థినుల విషయములో ఈ భయము మరింత బరువైనది. ఆటలోని సంభాషణలలో ఫోటోనో నంబరునో సంపాదించినవాడు బెదిరించినప్పుడు, నోరు విప్పినచో తననే నిందించుదురని ఆమె ఊరకుండిపోతుంది. మోసగాడు ఈ భయమును లెక్కలోనికి తీసుకొనియే వ్యాపారము చేస్తున్నాడు.

మౌనమునకు మనము చెల్లించే వెల చాల ఎక్కువ. సైబరు మోసములో సొమ్ము ఒక ఖాతానుండి మరొక ఖాతాకు నిమిషములలో పరుగెత్తుతుంది. జాతీయ సహాయ సంఖ్య 1930కి వెంటనే ఫోను చేసినచో, ఆ సొమ్ము ఎక్కడికి చేరినదో చూచి బ్యాంకులు దానిని మధ్యలో నిలిపివేసే ఏర్పాటు కలదు. ఆలస్యమైన కొలది దొరికే ఆశ సన్నగిల్లుతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీచేసిన ఉత్తర్వులోని సూత్రము కూడ దీనినే బలపరుస్తున్నది. ఖాతాదారుడు తన రహస్య వివరములను తానే ఇతరులకు తెలిపినచో, బ్యాంకునకు ఫిర్యాదు చేసేవరకు కలిగిన నష్టము అతనిది. ఫిర్యాదు చేసిన తరువాత జరిగే నష్టము బ్యాంకుది. అనగా, తప్పు చేసినవానికి కూడ త్వరగా చెప్పుటవలన రక్షణ కలదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వ్యర్థమని అందురు గాని, ఇచ్చట ఒక చేయి కాలినప్పుడే కేకవేసినచో రెండవది మిగులుతుంది.

కావున మోసపోయినట్లు అనుమానము కలిగినవారు చేయవలసిన పనులను వరుసగా చెబుతున్నాను. సొమ్ము పోయినచో ముందు 1930కి, బ్యాంకుకు ఫోను చేయవలెను. తరువాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవలెను. అనుమానపు యాప్‌ను దింపుకొనియున్నచో ఆ ఫోనుకు ఇంటర్నెట్ నిలిపివేసి, వేరొక ఫోనునుండి పాస్‌వర్డులు మార్చవలెను. అన్ని పరికరములనుండి ఖాతాను బయటికి తీసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొనవలెను. సంభాషణలను చెరిపివేయక, వాటి చిత్రములను సాక్ష్యముగా భద్రపరచవలెను. “పోయిన ఖాతాను తిరిగి తెప్పిస్తాను, కొంత రుసుము పంపుము” అని వచ్చేవానిని నమ్మరాదు. మొదటివాడే వేషము మార్చి వచ్చియుండవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపము స్వల్పము. పెద్ద ఖర్చుతో కూడినది కాదు. విద్యాసంవత్సరారంభమున ఒక గంట కాలము కంప్యూటరు గదిలో కొత్త విద్యార్థులకు చిరునామా చదువుట నేర్పించవలెను. 1930 సంఖ్యను, పైన చెప్పిన వరుసను ఉర్దూలోను తెలుగులోను పెద్ద అక్షరములతో వ్రాయించి, నోటీసు బోర్డు వద్దను, క్యాంటీను వద్దను అంటించవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇద్దరు అధ్యాపకులను — వారిలో ఒకరు మహిళయై ఉండవలెను — నియమించి, వారి వద్దకు వచ్చి చెప్పుకొన్న విద్యార్థికి ఆ కారణమున శిక్ష ఉండదని, అడగనిదే ఇంటికి ఉత్తరము పోదని ప్రకటించవలెను. ఆ ఒక్క మాట ఎన్నో ఇండ్ల సొమ్మును కాపాడగలదు. తరువాత తల్లిదండ్రులకు చెప్పవలసి వచ్చినప్పుడు అధ్యాపకులు ప్రక్కన నిలిచినచో ఆ కబురు అంత కఠినముగా ఉండదు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆటలు ఆడవద్దని నేను చెప్పను. ఆడుడు; అలసిన మనసును సేదతీర్చుకొనుడు. కాని ఉచితముగా ఇస్తానని వచ్చినవాడు మీనుండి ఏమి అడుగుతున్నాడో ముందు చూడుడు. అడిగినది మీ రహస్యమే అయినచో, అక్కడ అమ్మకమునకు పెట్టబడినది మీరే. మీ మిత్రుడు మోసపోయి మీ వద్దకు వచ్చినప్పుడు నవ్వకుడు. అతని ప్రక్కన కూర్చుండి, అతని చేత 1930కి ఫోను చేయించుడు. ఆ రోజు ఆ మిత్రునికి మీరు చేయగలిగిన మేలు అంతకు మించినది లేదు.